మంచము పట్టిన పెద్దలకు ఇరుగుపొరుగు తోడు

మన దేశమున మానవుని ఆయుర్దాయము పెరిగినది. 1947వ సంవత్సరమున భారతీయుని సగటు జీవితకాలము ఇంచుమించు 32 సంవత్సరములు మాత్రమే. నేడది 70 సంవత్సరముల మేరకు వచ్చినది. మశూచి మాసిపోయినది. కలరా, మలేరియాలు మునుపటివలె ఊళ్లకు ఊళ్లను ఊడ్చివేయుట లేదు. అందువలన మనుమలను, మునిమనుమలను ఎత్తుకొని ముద్దాడు భాగ్యము ఎందరికో కలుగుచున్నది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి దేశములో అరువదియేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలమంది. వారిలో 7 కోట్లకు పైబడినవారు పల్లెలలోనే ఉండిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో నూటికి దాదాపు పదిమంది ఈ వయస్సువారు. కేరళములో నూటికి పన్నెండుగురికి మించియుండిరి. రాష్ట్రములన్నింటిలోను అదియే అధికము.

దీర్ఘాయువు వరమే. కాని ఆ వరమును వెన్నంటి ఒక చిక్కు కూడ వచ్చినది. ముదిమిలో వచ్చు వ్యాధులు పసితనమున వచ్చు జ్వరముల వంటివి కావు. అవి పథ్యమునకు, పది దినముల మందునకు లొంగవు. పక్షవాతము వచ్చి ఒక ప్రక్క పడిపోయినవారు, తుంటియెముక విరిగి లేవలేనివారు, క్యాన్సరు ముదిరినవారు, మతిమరపు ముదిరి కన్నబిడ్డలనే గుర్తింపలేనివారు ఏండ్ల తరబడి మంచముననే కాలము గడపవలసి వచ్చును. ఆసుపత్రివారు కొన్ని దినము లుంచుకొని, ఇంక తాము చేయదగిన దేమియు లేదనియు, ఇంటికి తీసికొనిపొమ్మనియు చెప్పి పంపివేయుదురు. వైద్యుని పని అచ్చటితో ముగిసినది. రోగి కష్టమో, అప్పుడే మొదలైనది.

పల్లెలలో ఈ చిక్కు నేడు మరింత బిగిసినది. ఉమ్మడి కుటుంబములున్న దినములలో కోడలో, కూతురో, విధవయై పుట్టినింట నున్న మేనత్తయో ఈ భారమును మోసెడివారు. అది వారికి సుఖమైన పని యని మేము చెప్పబోము. అయినను చేయువా రుండిరి. నేడు పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో ఉన్నారు. నెలనెలా డబ్బు వచ్చును. దినమున కొకమారు ఫోనులో ముఖము కూడ కనబడును. కాని జారిపోయిన తలగడను సవరించు చేయి ఫోనులో రాదు. డెబ్బదియేండ్ల భార్య ఎనుబదియేండ్ల భర్తను లేవనెత్తి కూర్చుండబెట్టవలసిన ఇండ్లు మన యూళ్లలో ఎన్ని యున్నవో మనకు తెలియనిది కాదు.

ఊరిలో ఎవరైన కన్నుమూసినయెడల ఊరెల్ల కదలివచ్చును. పాడె మోయుటకు భుజములు దొరకును. మూడేండ్లు మంచముననున్న మనిషిని ప్రక్కకు త్రిప్పుటకు మాత్రము ఇద్దరు దొరకరు. ఇది జనుల మనస్సులో దయ లేకపోవుట వలన జరుగుచున్నది కాదు. చావు వచ్చినపుడు ఎవరేమి చేయవలెనో ఊరిలో అందరికి తెలియును. దీర్ఘరోగము వచ్చినపుడు ఇరుగుపొరుగు చేయవలసిన పని యిదియని ఎవరును నేర్పలేదు. దానిని నేర్పినచో ఏమి జరుగునో చూపినవారు కేరళీయులు. ఒక ఆసుపత్రి గదిలో మొదలైన పని ముప్పది సంవత్సరములలో ఆ రాష్ట్రపు పంచాయతీలన్నింటికి ఎట్లు వ్యాపించినదో, అందులో మనము గ్రహింపదగినదేమో ఇచ్చట వివరింతుము.

ముందుగా ఒక మాటకు అర్థము చెప్పుకొందము. ‘పాలియేటివ్ కేర్’ అని వైద్యులు పిలుచుదానిని మనము ఉపశమన సేవ యనవచ్చును. రోగమును కుదుర్చుట సాధ్యము కానపుడు రోగి బాధను తగ్గించుట దీని పని. నొప్పి, ఆయాసము, వాంతులు, నిద్రలేమి, పడకపుండ్లు ఇవి శరీరబాధలు. వీనికి తోడు భయము, ఒంటరితనము, తాను ఇంటిల్లిపాదికి బరువైతినను కుములుపాటు, వైద్యమునకై చేసిన అప్పులు కూడ బాధలే. ఇవియన్నియు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. కేవలము మాత్రలచేత ఇవి తీరవు. కేవలము ఓదార్పు మాటలచేతను తీరవు. రెండును కలసి నడువవలెను.

కోళిక్కోడు ప్రభుత్వ వైద్యకళాశాలలో 1993వ సంవత్సరమున ‘పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ’ యను సంఘ మేర్పడినది. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చు శాఖకు చెందిన డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు కె. సురేశ్ కుమార్ గారలు, వైద్యవృత్తికి చెందని అశోక్ కుమార్ గారు దీనికి ఆద్యులు. ఆదిలోనే ఇద్దరు వైద్యుల ప్రక్కన వైద్యుడు కాని మనిషి ఒకడు నిలుచుట గమనింపదగిన విషయము. ఆసుపత్రి ఇచ్చిన కొద్దిపాటి చోటులో వీరు రోగులను చూచుట ప్రారంభించిరి. నాడు వచ్చినవారిలో అధికులు క్యాన్సరు ముదిరి నొప్పికి తాళలేనివారు.

ఆ నొప్పికి మందు లేకపోలేదు. గసగసాల కాయల పాలనుండి తీయు నల్లమందు మన దేశమున ప్రభుత్వ అనుమతితో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో పండింపబడుచున్నది. దానినుండియే మార్ఫిన్ తయారగును. క్యాన్సరు నొప్పికి ఇది ఎన్నదగిన ఔషధము. మాత్ర రూపమున ఖరీదు కూడ స్వల్పమే. కాని మత్తుపదార్థముల నరికట్టుటకై 1985లో వచ్చిన చట్టము వలన దానిని ఉంచుటకు, రవాణా చేయుటకు పెక్కు అనుమతులు అవసరమైనవి. ఆ అనుమతుల చిక్కులకు జడిసి ఆసుపత్రులు మార్ఫినును తెప్పించుటయే మానుకొనినవి. దేశము పండించిన మందు దేశములోని రోగికి అందని వింత ఏర్పడినది. రాజగోపాల్ ప్రభృతుల యెడతెగని కృషి ఫలితముగా 2014లో ఆ చట్టము సవరింపబడి, అనుమతుల పద్ధతి సులభమైనది. రాజగోపాల్ గారికి 2018లో పద్మశ్రీ బిరుద మిచ్చి ప్రభుత్వము గౌరవించినది.

ఆసుపత్రిలోని చికిత్స ఎంత చక్కగా నున్నను అందులో ఒక లోప మున్నది. అచ్చటికి రాగలిగినవారికే అది అందును. మంచము దిగలేనివాడు నలువది మైళ్ల దూరమునుండి బస్సులో ఎట్లు రాగలడు? వచ్చినవాడు మరల రానిచో, అతడు కోలుకొనెనో, చార్జీలు లేక ఆగిపోయెనో, చనిపోయెనో వైద్యునికి తెలియదు. కొందరు వైద్యులు, నర్సులు రోగుల ఇండ్లకే వెళ్లిచూచుట మొదలిడిరి. అయినను పిడికెడుమంది వైద్యులు ఎన్ని గడపలు ఎక్కగలరు? మంచము పట్టిన మనిషికి వైద్యుడు కావలసినది నెలకొక గంట. తక్కిన కాలమంతయు అతనికి కావలసినది ఒక మనిషి. ఈ లెక్క బోధపడిన పిమ్మట కార్యక్రమపు దారి మారినది.

1999-2001 సంవత్సరముల నడుమ మలప్పురము మొదలైన ఉత్తర కేరళ జిల్లాలలో కొత్త ప్రయత్న మొకటి ఆరంభమైనది. దానికి ‘నైబర్‌హుడ్ నెట్‌వర్క్ ఇన్ పాలియేటివ్ కేర్’ అని పేరు. ఇరుగుపొరుగువారు ఒకరితో నొకరు చేయికలిపి నడుపు ఉపశమన సేవయని దాని భావము. మలప్పురము కేరళములో ఎక్కువ జనాభా గల జిల్లా. అచ్చటి పడుచువారు ఎందరో జీవనోపాధికై గల్ఫు దేశములకు పోయినారు. ఇంటిలో పెద్దలు, స్త్రీలు, పిల్లలు మిగిలియున్నారు. మన కడప, కరీంనగరము, గోదావరి జిల్లాలలోని కొన్ని గ్రామములను ఎరిగినవారికి ఈ చిత్రము క్రొత్తది కాదు.

ఈ ప్రయత్నములో చేరుటకు చదువుతో నిమిత్తము లేదు. వారమునకు కనీసము రెండు గంటల కాలము తన యూరిలోని రోగులకై వెచ్చింపగలవారెవరైనను చేరవచ్చును. చేరినవారికి 16 గంటల పాఠములు చెప్పుదురు. పిదప నాలుగు దినములు అనుభవజ్ఞుల వెంట రోగుల యొద్దకు వెళ్లి పని నేర్చుకొనవలెను. ఆ మీదట పది పదిహేనుమంది ఒక జట్టుగా నేర్పడి తమ ప్రాంతములో దీర్ఘరోగముతో బాధపడువా రెవరెవరో వెదకి, వారి అవసరములేవో గుర్తింతురు. శిక్షణ పొందిన నర్సులు, వైద్యులు వారికి వెనుక నిలిచి సాయపడుదురు. రైతులు, ఆటో నడుపువారు, బడిపంతుళ్లు, దుకాణదారులు, గృహిణులు, పదవీవిరమణ చేసిన ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు ఇందులో చేరిరి.

ఇరుగుపొరుగు ఈ పనిలోనికి వచ్చినంతనే కార్యక్రమ స్వరూపమే మారిపోయినది. వైద్యుల చిట్టాలో నున్నది క్యాన్సరు రోగుల పట్టిక. కాని సేవకుడు తన వీధిలో నడచిపోవునపుడు అతనికి కనబడునది రోగము పేరు కాదు, మంచము. క్యాన్సరు వచ్చిన మనిషికి సాయము చేయుట మంచిదే. ఆ ప్రక్క యింటిలో పక్షవాతముతో ఆరేండ్లుగా పడియున్న అవ్వకు మాత్రము సాయ మెందుకు చేయరాదు? ఆ ఎదురింట తొంబదియేండ్ల వయస్సుచేతనే లేవలేకపోయిన తాత చేసిన పాపమేమి? ఇట్టి ప్రశ్నలకు వైద్యశాస్త్రపు హద్దులు నిలువలేదు. క్రమక్రమముగా పక్షవాతము, వెన్నుపూస దెబ్బ, మూత్రపిండముల వ్యాధి, మానసిక రోగము, కేవల వార్ధక్యము ఇవియన్నియు సేవలో చేరినవి. క్యాన్సరు నొప్పికై పుట్టిన పని పల్లెలోని వృద్ధులకు అండయగుటకు కారణము ఇదియే. ఎవరికి సేవ చేయవలెనను నిర్ణయము ఊరివారి చేతికి వచ్చుటచేత ఊరిలోని అవసరమే కొలమానమైనది.

ఇండ్లకు పోవు దినమున జరుగు పని యెట్లుండును? అద్దె జీపులోనో, దాత ఇచ్చిన వాహనములోనో ఒక నర్సు, ఇద్దరు ముగ్గురు సేవకులు బయలుదేరుదురు. సంచిలో దూది, గుడ్డపట్టీలు, చేతితొడుగులు, మూత్రము పోవుటకు పెట్టు గొట్టములు, పుండ్లు కడుగు మందులు, నొప్పి మాత్రలు ఉండును. ఇంటికి చేరిన పిమ్మట నర్సు పుండు కడిగి కట్టు కట్టును; గొట్టము మార్చును; మందులు సరిగా వాడుచున్నారో లేదో చూచును. ఆ వేళ సేవకుడు పెద్దాయన ప్రక్కన కూర్చుండి మాటలాడును. మరియొకరు వంటయింటిలోనున్న ఇల్లాలితో మాటలాడుదురు. ఆమెకు నిద్ర పట్టుచున్నదా, ఇంటిలో బియ్యమున్నవా, పిల్లలు బడికి పోవుచున్నారా, పింఛను వచ్చినదా యని అడిగి తెలిసికొందురు. ఇంటికి రోగి ఒక్కడే యైనను, రోగముతో కృశించువారు ఇంటిలో పలువురుందురని వీరికి పాఠములలోనే చెప్పుదురు.

పడకపుండ్ల సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. మనుష్యుడు కదలక ఒకే వైపు పడియున్నచో ఎముకలు పొడుచుకొనివచ్చు తావులలో, అనగా నడుము దిగువను, పిరుదులపైనను, మడమలకును, శరీరభారము ఒత్తుకొని రక్తప్రసారము ఆగును. చర్మము మొదట ఎఱ్ఱబారును, పిదప చిట్లును, లోపలి కండ వరకు కుళ్లును. ఒకమారు ముదిరిన పుండు మానుటకు నెలలు పట్టును. చీము రక్తమున కలసి ప్రాణము తీయుటయు కలదు. దీనిని రాకుండ ఆపుటకు రెండు గంటల కొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పవలెను. దుప్పటి ముడుతలు లేక పొడిగా నుండవలెను. దినమున కొకమారు వీపు, మడమలు చూచి ఎఱ్ఱదన మున్నదేమో గమనింపవలెను. నీటి పరుపో గాలి పరుపో ఉన్నచో మేలు. ఇందులో ఏ పనికిని పెద్ద చదువు అక్కర లేదు. ఎవరో ఒకరు ఒక్క దినము దగ్గర నిలిచి చేసిచూపవలెను. ఇంటివారు అలసినపుడు ఒక పూట తాము చేయుదుమని వచ్చువారు ఉండవలెను.

సేవకులు చేయరాని పనులను కూడ శిక్షణలో స్పష్టముగా చెప్పుదురు. వారు మందులు మార్చరాదు. రోగి చెప్పిన మాటను బయట చెప్పరాదు. తమ మతమును బోధింపరాదు. తెలియని ధైర్యములు చెప్పరాదు. తగ్గదని ఎరిగియు తగ్గిపోవునని చెప్పుట దయ యని మనము తలంతుము. ఆ అబద్ధము రోగిని మరింత ఒంటరివానిగా చేయును. తన అంతము సమీపించినదని ఎరిగిన పెద్దమనిషికి ఆ మాటను ఎవరితోనైనను పలుకవలెననియుండును. ఇంటివారు కన్నీళ్లు పెట్టుకొందురని వారితో చెప్పలేడు. ఎదురు చెప్పక విను పొరుగువాడు కావలెను. వినుట నేర్చుకొనుటకే ఆ పదునారు గంటలలో మంచి భాగము కేటాయింపబడినది.

ఇక ధనము మాట. మలప్పురములోని సంఘములు పెద్ద దాతలకై ఎదురుచూడక చిల్లర పైసలపై నిలిచినవి. దుకాణములలో హుండీ పెట్టెలుంచిరి. కూలివారు, చేపల అమ్మకందారులు, బడిపిల్లలు తమకు తోచినది వేసిరి. ఆ రాష్ట్రమున జనవరి 15వ తేదీని ఉపశమన సేవాదినముగా పాటింతురు. ఆ సందర్భమున కొన్ని ప్రైవేటు బస్సుల యజమానులు, పనివారు ఆ దినపు వసూలును సంఘములకు ఇచ్చుట పరిపాటి. ఒక ధనికుడు లక్ష రూపాయ లిచ్చినచో సంఘము ఆయనది యగును. వేయిమంది నెలకు పదేసి రూపాయలిచ్చినచో అది ఊరిదగును. తాను పైస వేసిన పని సరిగా జరుగుచున్నదా యని ప్రతివాడును అడుగును. కార్యక్రమము బలపడుటకు డబ్బుకంటె ఈ అడుగుటయే ఎక్కువ తోడ్పడినది.

ఈ విధముగా వాడవాడల సంఘములు వెలసిన మీదట గ్రామపంచాయతీలు కూడ ముందుకు వచ్చినవి. కేరళములో 1996లో ఆరంభమైన ప్రజాప్రణాళిక ఉద్యమము వలన రాష్ట్ర ప్రణాళికా నిధులలో నూటికి 35 నుండి 40 వంతుల వరకు స్థానిక సంస్థలకు అప్పగింప నిశ్చయించిరి. కావున పంచాయతీ చేతిలో ఖర్చు పెట్టుటకు సొమ్మున్నది. 2008లో కేరళ ప్రభుత్వము ఉపశమన సేవకై ప్రత్యేక విధానమును ప్రకటించినది. దేశములో ఇట్టి విధానమును చేపట్టిన మొదటి రాష్ట్రము అదియే. దాని ననుసరించి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు అనుబంధముగా ప్రతి పంచాయతీయు ఒక నర్సును నియమించి ఇంటింటి సేవ నడుపవలెను. ఈ నర్సులకు మూడు నెలల ప్రత్యేక శిక్షణ కలదు. నేడు కేరళములోని 941 గ్రామపంచాయతీలకు ఈ సేవ వ్యాపించినది. 2019లో ఆ విధానమును మరల సవరించిరి.

కోళిక్కోడులో 2003లో నెలకొన్న ఉపశమన వైద్యసంస్థను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో తన సహకార కేంద్రముగా గుర్తించినది. అదే సంవత్సరము ఇంగ్లండు పరిశోధన సంస్థ యొకటి ప్రకటించిన నివేదికలో, దేశ జనాభాలో నూటికి మూడు వంతులు మాత్రమే గల కేరళము, దేశమందలి ఉపశమన సేవలలో మూడింట రెండు వంతులు తానే అందించుచున్నదని వ్రాసిరి. ఈ వాక్యము కేరళీయులకు గౌరవము, తక్కినవారికి హెచ్చరిక.

పెరుగుదలతో పాటు ఇబ్బందులు కూడ వచ్చినవని చెప్పక తప్పదు. పంచాయతీ నర్సుకు జీతమున్నది, వాహనమున్నది, వెళ్లవలసిన దినములు నిర్ణయమై యున్నవి. అది స్థిరత్వమునకు మంచిది. కాని సర్కారు మనిషి వచ్చుచున్నదికదా యని పొరుగువారు తమ పని ముగిసినదని భావించుట కూడ కొన్ని తావుల జరిగినది. అప్పుడు నెలకొకమారు కట్టు మార్చుట జరుగును. నడుమనున్న ఇరువదితొమ్మిది దినములు మరల ఖాళీయగును. ఒక పంచాయతీలో సేవ చురుకుగా నుండి, ప్రక్క పంచాయతీలో లాంఛనముగా నడుచుటయు కలదు. మరియొక ఇబ్బంది కూడ నున్నది. ఏ పద్ధతి వచ్చినను రాత్రి మేల్కొని చేయు చాకిరి నేటికిని ఎక్కువగా ఇంటి స్త్రీల పైననే పడుచున్నది. వారికి ఒక పూట విశ్రాంతి నిచ్చుట రోగికి మందిచ్చుటతో సమానమని సేవకులు గుర్తించిననాడే ఈ పని సంపూర్ణ మగును.

కేరళములో సాధ్యమైనది వేరొకచోట అట్లే సాధ్యమగునా యని అడుగుట న్యాయమే. అచ్చట ఇండ్లు దగ్గర దగ్గరగా నుండును, అక్షరాస్యత అధికము, ఆరోగ్యకేంద్రములు పనిచేయును, పంచాయతీకి నిధులున్నవి. ఇవి ఒక్క దినమున వచ్చినవి కావు. కాని జాగ్రత్తగా చూచినచో, మలప్పురములోని తొలి జట్లు ఏర్పడిననాటికి 2008 నాటి విధానము లేదు. పంచాయతీ నర్సు లేదు. ఉన్నది పదిమంది మనుష్యులు, వారమునకు రెండు గంటలు, దగ్గరిలో ఒక వైద్యుని సలహా. ప్రభుత్వము తరువాత వచ్చి దానిపై గోడలు లేపినది. పునాది ఊరివారే వేసిరి.

మన రాష్ట్రములలో ఏమున్నదో చూతము. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రి ఉపశమన చికిత్సలో మన ప్రాంతమునకు మార్గదర్శి. తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలో కూడ ఉపశమన కేంద్రములను నెలకొల్పినది. కేంద్రప్రభుత్వము వృద్ధుల ఆరోగ్యమునకై 2010-11లోను, ఉపశమన సేవకై 2012లోను జాతీయ కార్యక్రమములను ప్రకటించినది. తల్లిదండ్రుల పోషణకు పిల్లలు బాధ్యులని 2007లో చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశములో 2020 మొదలు 2024 వరకు గ్రామ వాలంటీర్లు నెల మొదటి తేదీన వృద్ధుల పింఛనును ఇంటికే తెచ్చి యిచ్చిరి. 2024 నుండి సచివాలయ ఉద్యోగులు ఆ విధముననే ఇంటికి తెచ్చి యిచ్చుట మొదలిడిరి. నడువలేని అవ్వకు కచేరీ మెట్లెక్కు బాధ తప్పుట చిన్న మేలు కాదు. అయితే వాలంటీర్లు గౌరవవేతనముపై ప్రభుత్వము నియమించినవారు. పింఛను చేతి కందించుటతో వారి ఆ పని తీరెడిది. మనము చెప్పుకొనుచున్న సేవ గుమ్మము దాటి మంచము వరకు పోవలసినది.

అట్టి సేవకు కావలసిన మనుష్యులు మన గ్రామములలో లేకపోలేదు. డ్వాక్రా సంఘముల స్త్రీలు లెక్కలు వ్రాయుట, కలసి నిర్ణయించుట, మాట నిలుపుకొనుట ఏనాడో నేర్చినారు. ఆశా కార్యకర్త ప్రతి యింటిని ఎరుగును. ఊరి కళాశాల విద్యార్థులకు సెలవు దినములున్నవి. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయునికి తీరిక యున్నది. నవరాత్రులకు పందిరి వేయుటకు, జాతరకు చందా వసూలు చేయుటకు కూడు చేతులే ఇవి.

మొదలుపెట్టువారు పెద్ద భవనము గురించి ఆలోచింపనక్కర లేదు. మొదట చేయవలసినది ఒక పట్టిక. ఊరిలో మంచము దిగలేనివా రెందరు, వారిని చూచువా రెవరు, చూచువారి వయస్సెంత, మందులు ఎచ్చటనుండి వచ్చుచున్నవి, పింఛను అందుచున్నదా? ఈ ప్రశ్నలతో ఇద్దరిద్దరు కలసి వీధులు తిరిగినచో రెండు ఆదివారములలో పట్టిక సిద్ధమగును. ఒక్కరే పోరాదు; ఇంటివారి అనుమతి లేక లోపలికి పోరాదు; ఫోటోలు తీయరాదు. రెండవది, ఆరోగ్యకేంద్రపు వైద్యుని కలసి, పుండు కడుగుట, రోగిని త్రిప్పుట, నోరు శుభ్రము చేయుట, చెంచాతో తినిపించుట నేర్పుడని కోరుట. మూడవది, పూట లేర్పరచుకొనుట. సోమవారము సాయంకాలము ఎవరు, గురువారము ఉదయము ఎవరు అని కాగితముపై వ్రాసికొననిచో మంచి మనస్సు పదిదినములలో అలసిపోవును.

నాలుగవది, కొద్దిగా మొదలుపెట్టుట. అయిదిండ్లతో ఆరంభించి, ఆ అయిదిండ్లకు ఏడాది పొడవున తప్పక పోవుట, ఏబదియిండ్లతో ఆరంభించి మూడునెలలకు మానుటకంటె మేలు. వచ్చెదనని చెప్పి రానిచో కలుగు బాధ, అసలు ఎవరును రానపుడు కలుగు బాధకంటె పెద్దది. మంచములోనున్న మనిషి గడియారము చూచుచుండును. కేరళములో ఈ పని విస్తరించిన విధము కూడ ఇదియే. ఒక సంఘము ఉబ్బి పెద్దది కాలేదు. ఒక ఊరి జట్టును చూచి ప్రక్క ఊరివారు తమ జట్టు తాము కట్టుకొనిరి. ఏ జట్టునకు ఆ జట్టు చిన్నదియే. తన వీధిని దాటి చూడనక్కర లేనంత చిన్నది కనుకనే, వీధిలోని ఏ మంచమును దాటిపోలేదు.

ఈ వ్యాసమును చదువు ఇండ్లలో చాలవాటిలో రేడియో పెట్టె పెద్దల గదిలోనే యుండును. తెల్లవారుజామున భక్తిగీతములకు, సాయంకాలము వార్తలకు దానిని పెట్టుడని అడుగువారు వారే. ఆ గదిలోనికి దినమునకు ఎన్ని మారులు ఎవరు పోవుచున్నారో ఈ వారము గమనింపుడు. పిదప ప్రక్క యింటిలో అట్టి గది యున్నదేమో కనుగొనుడు. వారమునకు రెండు గంటలు అనునది ఒక హరికథ వినునంత కాలము. అంతపాటి కాలము ఇచ్చువారు పదిమంది దొరకిన ఊరిలో ఏ పెద్దమనిషియు గోడవైపు చూచుచు పడియుండ నవసరము లేదు.